చెత్తకుండీలోకి తొంగిచూసిన పెద్దాయన

ప్రతి ఏకాదశికీ ఠంచనుగా వచ్చే వాట్సాప్ ఫార్వర్డ్ ఒకటుంది. మీకూ వచ్చే ఉంటుంది. ఉపవాసం ఉంటే ఒంట్లో చెత్తంతా శరీరమే తినేస్తుందని ఒక జపాన్ శాస్త్రవేత్త నిరూపించాడనీ, దానికి నోబెల్ ఇచ్చారనీ, మనవాళ్ళు ఇది ఎప్పుడో చెప్పారనీ దాని సారాంశం. రంజాన్ నెల రాగానే అదే మెసేజ్ చొక్కా మార్చుకుని వేరే గ్రూపుల్లో తిరుగుతుంది. డైట్ కోచ్‌ల వీడియోల్లోనైతే ఏడాది పొడుగునా ఉంటుంది, పదహారు గంటలా పద్దెనిమిది గంటలా అని లెక్కలతో సహా.

ఇందులో జపాన్ శాస్త్రవేత్త నిజం. నోబెల్ కూడా నిజమే. 2016లో వైద్యవిభాగం బహుమతి మొత్తం ఆయనొక్కడికే ఇచ్చారు. పేరు యోషినోరి ఒసుమి. కాకపోతే ఆయన ఆ బహుమతి తెచ్చిన ప్రయోగాల్లో ఏ మనిషి చేతా ఉపవాసం చేయించలేదు. పస్తులున్నది ఈస్ట్. అవును, బేకరీలో బ్రెడ్డు పొంగడానికీ, కల్లు పులియడానికీ కారణమైన ఆ ఒంటికణం శిలీంధ్రమే.

అసలు కథ ఆ ఫార్వర్డ్ కన్నా చాలా బావుంటుంది. అందులోనూ మనబోటి కోడు రాసుకు బతికేవాళ్ళకి ఇంకా బాగా పడుతుంది. నేను ఎంపీసీ బ్యాచ్. బయాలజీ అంటే పదో తరగతిలో కప్ప బొమ్మ దగ్గర ఆగిపోయినవాణ్ణి. అయినా ఈయన చేసిన పని చదువుతుంటే, మంచి డీబగ్గింగ్ కథ చదువుతున్నట్టే అనిపించింది.

ముందు కొంచెం నేపథ్యం. 1955లో బెల్జియంకి చెందిన క్రిస్టియన్ డి డ్యూవ్ అనే ఆయన కణం లోపల లైసోజోమ్ అనే చిన్న సంచిని కనిపెట్టాడు. దాన్నిండా అరిగించే ఎంజైములు. తర్వాత ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తుంటే, కొన్ని కణాల్లో తన సొంత భాగాలనే (మైటోకాండ్రియా లాంటివి) ఒక పొరలో చుట్టి ఈ సంచికి అందిస్తున్నట్టు కనిపించింది. 1963లో దీనికి ఆయనే 'ఆటోఫజీ' అని పేరు పెట్టాడు. గ్రీకులో తనని తాను తినడం. డి డ్యూవ్‌కి 1974లో నోబెల్ వచ్చింది. ఆటోఫజీకి మాత్రం పేరొచ్చిందే తప్ప పెద్దగా పరిశోధన రాలేదు. ఫొటోలున్నాయి, వర్ణనలున్నాయి. ఏ జన్యువులు దీన్ని నడుపుతున్నాయి, ఎప్పుడు మొదలవుతుంది, ఎవరు ఆపుతారు అన్నవి తెలియవు. మన భాషలో చెప్పాలంటే ప్రాసెస్ రన్నవుతున్నట్టు తెలుసు, సోర్స్ కోడ్ లేదు, లాగ్స్ కూడా లేవు. పాతికేళ్ళు అలాగే గడిచాయి.

ఒసుమి 1945 ఫిబ్రవరిలో ఫుకుఓకాలో పుట్టాడు. యుద్ధం చివరి నెలలవి. తండ్రి ఇంజనీరింగ్ ప్రొఫెసరు. టోక్యో యూనివర్సిటీలో కెమిస్ట్రీ చదువుదామని చేరి, అందులో కొత్తగా చెయ్యడానికి పెద్దగా ఏమీ మిగల్లేదనిపించి, అప్పుడప్పుడే మొదలవుతున్న మాలిక్యులర్ బయాలజీ వైపు తిరిగాడు. 1974లో డాక్టరేటు అయింది. జపాన్‌లో ఉద్యోగం దొరకలేదు. న్యూయార్క్‌లో రాక్‌ఫెలర్ యూనివర్సిటీకి, జెరాల్డ్ ఎడల్‌మన్ దగ్గరికి వెళ్ళాడు. ఎడల్‌మన్ అప్పటికే నోబెల్ గ్రహీత (1972, యాంటీబాడీల మీద). అక్కడ ఒసుమికి అప్పగించిన పని ఎలుక అండాల మీద. ఆయన అంతవరకు చేసిందంతా బ్యాక్టీరియా మీద. జావా వాణ్ణి తీసుకెళ్ళి మెయిన్‌ఫ్రేమ్ ప్రాజెక్టులో కూర్చోబెట్టినట్టయింది. పని ముందుకి కదల్లేదు. చివరికి అదే ల్యాబ్‌లో మైకేల్ జజ్విన్‌స్కీతో కలిసి ఈస్ట్‌లో డీఎన్‌ఏ ఎలా నకలవుతుందో చూసే పనిలోకి మారాడు.

ఇక్కడే ఒక చిన్న సంగతి జరిగింది. ఈస్ట్ కణాల్ని పగలగొట్టి, సెంట్రిఫ్యూజ్‌లో గిరగిరా తిప్పి, కేంద్రకాలని వేరు చెయ్యాలి. ఆయనకి కావలసినవి ఆ కేంద్రకాలే. ట్యూబు పైభాగాన మాత్రం తెల్లటి పొర ఒకటి తేలేది. పని అవగానే పారబొయ్యాల్సిన సరుకు అది. ఈయన దాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాడు. దాదాపు స్వచ్ఛంగా రిక్తికలు! (రిక్తిక అంటే ఇంగ్లీషు మీడియం వాళ్ళు వాక్యుయోల్ అని చదువుకున్నదే. ఈస్ట్‌లోనూ మొక్కల్లోనూ లైసోజోమ్ చేసే పని ఇదే చేస్తుంది. ఈస్ట్ కణంలో మామూలు మైక్రోస్కోప్‌తోనే కనిపించేంత పెద్దది.)

రిక్తికకి అప్పట్లో ఉన్న పరువు చెప్పాలంటే, అదొక చెత్తకుండీ. కణానికి అక్కర్లేనివి పడేసుకునే చోటు. అందులో పరిశోధించడానికి ఏముందిలే అని ఎవరూ అటు పోలేదు. 1977లో టోక్యోకి తిరిగొచ్చి యసుహిరో అన్రాకు ల్యాబ్‌లో కింది స్థాయి ఉద్యోగంలో చేరినప్పుడు, ఒసుమి ఎంచుకున్నది సరిగ్గా ఆ చెత్తకుండీనే. పదిమందీ పోటీపడే చోట పరిగెత్తడం తనకి చేతకాదనీ, ఎవరూ లేని చోట పని చేసుకోవడమే ఇష్టమనీ తర్వాత చాలాసార్లు చెప్పాడు. ఆ దశాబ్దంలో ఆయనా, సహచరులూ కలిసి రిక్తిక పొర మీద అమైనో ఆమ్లాల్ని లోపలికి చేరవేసే పంపుల్నీ, లోపల పులుపు నిలబెట్టే ప్రోటాన్ పంపునీ కనిపెట్టారు. చెత్తకుండీకి ఇంత ప్లంబింగ్ ఎందుకుంటుంది? అది గోడౌన్ కూడా అని తేలింది.

బాగానే ఉంది కానీ, పదేళ్ళకి పైగా ఇంకొకరి ల్యాబ్‌లోనే ఉన్నాడు. సొంత ల్యాబ్ వచ్చింది 1988లో, టోక్యో యూనివర్సిటీ కొమాబా క్యాంపస్‌లో, నలభై మూడేళ్ళ వయసులో. మన లెక్కల్లో ఆ వయసుకి కోడింగ్ మానేసి మేనేజర్ అయి పదేళ్ళయి ఉండాలి :) ఈయన ఆ వయసులో పాత విషయం (రిక్తిక పొర) వదిలేసి కొత్త ప్రశ్న ఎత్తుకున్నాడు. ఇంతకీ ఈ కుండీలోకి చెత్త ఎలా వచ్చి పడుతోంది?

ఇక్కడ ఆయన ఆలోచన చూడండి. ఈస్ట్‌కి నైట్రోజన్ దొరక్కుండా చేస్తే అది స్పోర్లుగా మారుతుంది, గింజలా ముడుచుకుని మంచిరోజుల కోసం ఎదురుచూస్తుంది. అలా మారడానికి కొత్త ప్రోటీన్లు బోలెడు కావాలి. ప్రోటీన్‌కి నైట్రోజన్ కావాలి. బయట నైట్రోజన్ లేదు. అంటే ఉన్న ప్రోటీన్లనే విరగ్గొట్టి వాడుకోవాలి. ఇల్లు కట్టాలి, ఇటుకలు కొనడానికి డబ్బుల్లేవు, పాత గోడలు కూల్చి ఆ ఇటుకలే వాడాలి. కాబట్టి ఆ సమయంలో రిక్తికలోకి ఏదో ఒకటి పెద్ద ఎత్తున వెళ్ళి తీరాలి.

మరి ఎవరికీ ఎందుకు కనబడలేదు? వెళ్ళిన మరుక్షణం ఎంజైములు దాన్ని కరిగించేస్తాయి కాబట్టి. ప్రాసెస్ పూర్తయ్యేలోపు టెంప్ ఫైళ్ళు డిలీట్ అయిపోతే మనకేం దొరుకుతుంది? అలాంటప్పుడు మనమేం చేస్తాం? ఆ డిలీట్ లైనుని కామెంట్ చేసి మళ్ళీ రన్ చేస్తాం. ఆయనా అదే చేశాడు. రిక్తికలో అరిగించే ఎంజైములు పనిచెయ్యని మ్యూటెంట్ ఈస్ట్ రకాలు అప్పటికే అమెరికాలో బర్క్‌లీలోని స్టాక్ సెంటర్లో ఉన్నాయి. అవి తెప్పించి, నైట్రోజన్ లేని ద్రవంలో వేసి, మైక్రోస్కోప్ ముందు కూర్చున్నాడు.

కొన్ని గంటల్లోనే రిక్తికలు చిన్న చిన్న గుండ్రటి గోళీలతో నిండిపోయాయి. నిండడమే కాదు, లోపల గంతులేస్తున్నాయి. పెద్ద విశేషమేం లేదు, బ్రౌనియన్ చలనం. కానీ ఎప్పుడూ ఖాళీగా పారదర్శకంగా కనబడే రిక్తికలో అలా కదులుతుంటే కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది. ఖరీదైన పరికరం అక్కర్లేదు, కాలేజీ ల్యాబులో ఉండే తరహా మైక్రోస్కోప్ చాలు. ఆయన వాటిని గంటల తరబడి చూస్తూ కూర్చున్నాడట. నాకీ కథలో అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే.

తర్వాత ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే (ఆ పనిలో నేర్పరులు మసాకో ఒసుమి, మిసుజు బాబా. ఇంటిపేరు ఒకేలా వినబడుతుంది కానీ ఆవిడ వేరే) ఆ గోళీల్లో కణద్రవం ఉంది, రైబోజోములున్నాయి, అక్కడక్కడా మైటోకాండ్రియా ఉంది. అంటే కణం తన ఒంట్లో ముక్కల్నే గంపగుత్తగా మూటగట్టి లోపలికి తోస్తోంది. డి డ్యూవ్ జంతుకణాల్లో చూసిందీ ఇదీ ఒకటే. 1992లో పేపరు వచ్చింది.

చాలామంది ఇక్కడ ఆగి సన్మానాలకి వెళ్ళిపోతారు. అసలు పని ఇప్పుడే మొదలైంది. ఈస్ట్‌తో ఉన్న సుఖమేంటంటే జన్యువుల్ని చెడగొట్టి చూడొచ్చు. ఒసుమి దగ్గర గ్రాడ్యుయేట్ విద్యార్థిని మికి త్సుకడా ఆ పనికి పూనుకుంది. ఈస్ట్ డీఎన్‌ఏని రసాయనంతో అక్కడక్కడా దెబ్బతీసి, వచ్చిన మ్యూటెంట్లని ఒక్కోదాన్నీ పస్తుపెట్టి, మైక్రోస్కోప్‌లో చూడటం. గోళీలు కనబడితే పక్కన పెట్టడం. గోళీలు రానిది కావాలి, అంటే ఆటోఫజీ చెడిపోయింది. ఇదంతా కంటితో చెయ్యాల్సిన చాకిరీ. అలా చూడగా చూడగా ఒకటి దొరికింది. దానికి ఏపీజీ1 అని పేరు పెట్టారు.

ఒక్కదాన్ని పట్టుకోవడానికే ఇంత పనైతే మిగతావాటి మాటేమిటి? ఇక్కడ ఆ దొరికిన ఒక్కదాన్నే జాగ్రత్తగా గమనించారు. మామూలు తిండి పెడితే ఏపీజీ1 నిక్షేపంలా పెరుగుతుంది, తేడాయే తెలీదు. నైట్రోజన్ ఆపేస్తే మాత్రం మామూలు ఈస్ట్ కన్నా ముందే చచ్చిపోతోంది. ఇంకేం, ఫిల్టరు దొరికింది. ముందు వేలకొద్దీ మ్యూటెంట్లని పస్తుపెట్టి తొందరగా చచ్చేవాటిని ఏరి, వాటిని మాత్రమే మైక్రోస్కోప్ కిందికి తెచ్చారు. మరో 75 దొరికాయి.

75 మ్యూటెంట్లంటే 75 జన్యువులని కాదు. ఒకే బగ్ మీద ఇరవై మంది ఇరవై టికెట్లు రాసినట్టు, ఒకే జన్యువు పలుచోట్ల చెడి ఉండొచ్చు. డూప్లికేట్లు తీసెయ్యడానికి ఈస్ట్‌లో చక్కటి పద్ధతి ఉంది. ఈస్ట్‌లో రెండు 'లింగాలు' ఉంటాయి. రెండు మ్యూటెంట్లని జతకలిపితే వచ్చిన పిల్లకణంలో ఆటోఫజీ మళ్ళీ పనిచేస్తే, రెంటిలో చెడింది వేర్వేరు జన్యువులన్నమాట, ఒకదాని లోటు ఇంకొకటి తీర్చింది. పని చెయ్యకపోతే రెంటిలోనూ ఒకే జన్యువు చెడింది. అలా అన్నిటినీ ఒకదానితో ఒకటి కలిపి చూడగా, కనీసం 15 జన్యువులని తేలింది. 1993లో త్సుకడా, ఒసుమి ఇద్దరే రచయితలుగా ఫెబ్స్ లెటర్స్ అనే పత్రికలో చిన్న పేపరుగా అచ్చయింది. నేచర్ కాదు, సైన్స్ కాదు. అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు కూడా. 2016 నోబెల్ ప్రకటనలో ముఖ్యమైన పేపర్ల కింద పేర్కొన్న నాలుగైదింటిలో అదొకటి.

ఇదే కాలంలో జర్మనీలో మైకేల్ థమ్ బృందం వేరే దారిలో వచ్చి ఇవే జన్యువుల్ని పట్టుకుంది (1994). అమెరికాలో డేనియల్ క్లయాన్స్కీ, రిక్తికలోకి ఒక ఎంజైమ్ ఎలా చేరుతుందో వెతుకుతూ వచ్చి చూస్తే, ఆయన మ్యూటెంట్లలో చాలావరకు ఇవే. ఒకే జన్యువుకి ఏపీజీ అని ఒకరు, ఏయూటీ అని ఒకరు, సీవీటీ అని ఇంకొకరు. మూడు టీములు ఒకే ఫంక్షన్‌కి మూడు పేర్లు పెట్టుకున్నాయి. పదేళ్ళు ఆ గందరగోళం భరించి, 2003లో అందరూ కూర్చుని ఏటీజీ అని ఒకటే పేరుకి ఒప్పుకున్నారు. మన ఇండస్ట్రీలో ఇలాంటి రాజీ ఎన్నిసార్లు జరిగిందో మీరే లెక్కపెట్టుకోండి.

జన్యువులు దొరికాయి సరే, వాటి సీక్వెన్సులు చూస్తే తలాతోకా అర్థం కాలేదు. చాలావరకు అంతకుముందు తెలిసిన ఏ ప్రోటీన్నీ పోలి లేవు. 1996లో ఈస్ట్ జీనోమ్ మొత్తం (సుమారు 6000 జన్యువులు) బయటికి రావడం వల్ల వెతకడం తేలికైంది. ఆ ఏడాదే ఒసుమి ఒకజాకిలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ బేసిక్ బయాలజీకి మారాడు. అక్కడ చేరిన నొబోరు మిజుషిమా (ఈయన మొదట డాక్టరు) చూస్తే, ఏటీజీ12 అనే ప్రోటీన్ తన తోకతో వెళ్ళి ఏటీజీ5కి అతుక్కుంటోంది. 1998లో నేచర్‌లో వచ్చింది. 2000లో ఇంకో వింత. ఏటీజీ8 అనే ప్రోటీన్ ఇంకో ప్రోటీన్‌కి కాదు, ఏకంగా పొరలో ఉండే కొవ్వుకే అతుక్కుంటోంది. ఈ అతుకుళ్ళ వల్లే ఆ మూట పొర పెరిగి, గిన్నెలా వంగి, గోళంగా మూసుకుంటుంది. మిగతా యంత్రాంగం వివరాలు చాలా ఉన్నాయి, నాకు అర్థమైనంత మేరకే ఆపుతున్నాను.

ఆటోఫజీని గార్బేజ్ కలెక్షన్‌తో పోల్చడం మనకి సహజం. నిజానికి కణంలో రెండు పద్ధతులున్నాయి. పాడైన ప్రోటీన్‌కి ఒక్కోదానికీ చీటీ అంటించి ముక్కలు చేసే పద్ధతి వేరే ఉంది (యుబిక్విటిన్, దానికి 2004లో కెమిస్ట్రీ నోబెల్). ఆటోఫజీ చిల్లర బేరం కాదు, టోకు బేరం. కొన్నిసార్లు ఎంచి తీస్తుంది, ఆకలి ముదిరితే చేతికందింది అందినట్టు మూటగడుతుంది. పైగా పారెయ్యడం కోసం కాదు, తిరిగి వాడుకోడానికి. మనం రోజుకి తినే ప్రోటీన్ సుమారు 70 గ్రాములైతే, ఒంట్లో రోజూ తయారయ్యేది 200-300 గ్రాములు. ఆ తేడా ఎక్కణ్ణుంచి వస్తోందంటే, పాతది విరగ్గొట్టగా వచ్చిందే.

ఈస్ట్ దాటి మిగతా జీవుల్లో చూస్తే ఇవే జన్యువులు. మొక్కల్లో, ఎలుకల్లో, మనలో. ఏటీజీ5 లేని ఎలుకపిల్లలు చూడ్డానికి బాగానే పుడతాయి, ఒక్కరోజులో చచ్చిపోతాయి (2004). బొడ్డుతాడు తెగాక తల్లిపాలు పూర్తిగా అందేలోపు కాసేపు పస్తు తప్పదు. ఆ కాసేపు గట్టెక్కాలంటే ఆటోఫజీ కావాలి. ఈస్ట్ మ్యూటెంట్ కథే మళ్ళీ. ఎలుక మెదడులో మాత్రమే ఈ జన్యువుల్ని తీసేస్తే, వేరే ఏ జబ్బూ లేకుండానే నరాల కణాలు దెబ్బతిన్నాయి (2006). వైద్యులకి దీనిమీద ఆసక్తి అక్కణ్ణుంచి ఊపందుకుంది.

మన ఊళ్ళకి సంబంధించింది కూడా ఒకటుంది. వరికి అగ్గి తెగులు తెచ్చే శిలీంధ్రం తెలుసుగా? సాంబ మసూరి వేసిన రైతుని అడిగితే చెప్తాడు. దాని స్పోరు ఆకు మీద పడ్డాక ఒక గుమ్మటం లాంటిది కట్టి, అందులో వాతావరణ పీడనానికి 80 రెట్ల దాకా ఒత్తిడి పెంచి (కారు టైరు కన్నా 30 రెట్లు పైమాటే) ఆకుని పొడుస్తుంది. ఆ పని జరగాలంటే వెనకున్న స్పోరు తనని తాను తినేసి, సరుకంతా గుమ్మటానికి పంపాలి. బ్రిటన్‌లో నిక్ టాల్బట్ బృందం 2006లో ఆ శిలీంధ్రంలో ఏటీజీ8ని తీసేసింది. తెగులు రాలేదు. త్సుకడా వెతికిన ఈస్ట్ జన్యువుల బంధువే అది.

మరి ఉపవాసం సంగతేంటి అంటారా? ఆకలికీ ఆటోఫజీకీ సంబంధం ఖాయం, ఈస్ట్‌లోనూ ఎలుకలోనూ చూశారు. కానీ మనిషిలో ఏ అవయవంలో ఎన్ని గంటలకి ఎంత మొదలవుతుందో కొలిచే నమ్మకమైన పరీక్ష ఈరోజుకీ లేదు. కాబట్టి పదహారు గంటల ముహూర్తం ఎవరో పెట్టిందే తప్ప ఒసుమి పెట్టింది కాదు. భక్తితో ఉపవాసం ఉండేవాళ్ళకి ఆయన సర్టిఫికెట్ అక్కర్లేదు కూడా. షుగరు మందులు వేసుకునే పెద్దవాళ్ళు ఆ ఫార్వర్డ్ నమ్మి పస్తులుంటేనే నాకు భయం. మీ ఇంట్లో అలాంటివాళ్ళుంటే డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టనివ్వకండి.

నోబెల్ వచ్చాక ఆయన విలేకరుల ముందు మాట్లాడింది క్యాన్సర్ మందుల గురించి కాదు. 'ఉపయోగం' అన్న మాట సైన్సుని పాడుచేస్తోందని గోలపెట్టాడు. రెండేళ్ళలో కంపెనీకి పనికొచ్చేదే ఉపయోగం అనుకుంటే కొత్త ప్రశ్న అడిగేవాడు మిగలడని ఆయన బాధ. 2017లో అలాంటి పనులకి సాయం చెయ్యడానికి ఒక ఫౌండేషన్ కూడా పెట్టాడు. ప్రతి క్వార్టర్లోనూ యూజ్ కేస్ ఏంటి, ఆర్వోఐ ఏంటి అని అడిగించుకునే మనకి ఈ బాధ కొత్తగా వివరించక్కర్లేదు. అయితే ఒకటి, జపాన్ ప్రభుత్వం ఆయన్ని అడక్కపోలేదు, మరీ ఎక్కువ డబ్బూ ఇవ్వలేదు. ఈస్ట్ చవక కాబట్టి, మైక్రోస్కోప్ ఉంది కాబట్టి బండి నడిచింది. అదే ప్రశ్న ఎలుకల మీద అడగాల్సి వచ్చి ఉంటే 1988లో ఆయనకి ఎవరూ గ్రాంటు ఇచ్చేవారు కాదని నా అనుమానం.

2009లో టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి మారి (2024లో అది ఇంకో యూనివర్సిటీతో కలిసి పేరు మారింది) అక్కడా ఈస్టే పట్టుకున్నాడు. డి డ్యూవ్ కాలం నుంచీ తేలని ప్రశ్న ఒకటుంది. ఆ మూట కట్టడానికి గుడ్డ, అంటే పొర, ఎక్కణ్ణుంచి వస్తోంది? 2019, 2020ల్లో వచ్చిన పేపర్లలో కొంత తేలింది. ఏటీజీ2 పక్కనున్న పొరల్లోంచి కొవ్వు అణువుల్ని గొట్టంలా తోడుకొస్తుంది, ఏటీజీ9 వాటిని పొరకి రెండువైపులా సర్దుతుంది. ఈ ప్రోటీన్లన్నీ ముందు ఎలా గుమిగూడతాయో చూపించిన 2020 నాటి నేచర్ పేపర్లో రచయితల పేర్ల మధ్య ఒసుమి పేరూ ఉంది. అప్పటికాయనకి డెబ్భై ఐదేళ్ళు.